గెలిచినవాడి ప్రార్థన శాంతి కాదు

1979 ఏప్రిల్‌లో నేను సైనిక అకాడమీలో కేడెట్‌ని. జంషెడ్‌పూర్ నుంచి నాన్న ఉత్తరం వచ్చింది. శ్రీరామనవమి ఊరేగింపు ఏ దారిన వెళ్లాలన్న తగవు మారణకాండగా మారిందనీ, ఊళ్లో కర్ఫ్యూ ఉందనీ రాశారు. ఆ గొడవల్లో వందమందికి పైగా చనిపోయారు. పదవీ విరమణ చేసి మళ్లీ ఈ ఊరే చేరాను. పండగల ముందు జరిగే శాంతి సంఘాల సమావేశాలకు వెళ్తుంటాను. ఏ జెండా ఏ వీధిలో, ఎన్ని గంటలకు అన్నదే అక్కడి చర్చ. కుర్రవాళ్లకు అది విసుగు. నాకు మాత్రం వెస్ట్‌ఫాలియా సంధి గుర్తొస్తుంది.

అకాడమీలో ముప్పై ఏళ్ల యుద్ధం అంటే మాకు స్వీడన్ రాజు గుస్టావస్ అడాల్ఫస్ వ్యూహాలే. సంధి దగ్గరికొచ్చేసరికి తేదీ బట్టీపట్టి వదిలేశాం. అసలు పాఠం అందులోనే ఉందని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

1618లో ప్రాగ్ తిరుగుబాటుతో మొదలైన క్యాథలిక్, ప్రొటెస్టెంట్ల పోరు జర్మన్ నేలను పీల్చి పిప్పి చేసింది. లక్షల మంది చనిపోయారు. కత్తి కంటే ఆకలి, అంటురోగాలే ఎక్కువమందిని తీసుకుపోయాయి. చివరికి 1648 అక్టోబర్ 24న సంతకాలయ్యాయి. చర్చలు కూడా ఒకచోట కాదు, మున్‌స్టర్, ఆస్నాబ్రూక్ అనే రెండు ఊళ్లలో నడిచాయి.

ఏ మతం సత్యమో ఆ సంధి తేల్చలేదు. చక్రవర్తి సొంత రాజ్యాలను చాలావరకు మినహాయించి, మిగతాచోట్ల 1624 జనవరి 1 నాటికి ఏ చర్చి ఎవరి చేతిలో ఉందో దాన్నే ప్రమాణంగా తీసుకుంది. సామ్రాజ్య సభలో మత విషయాలను సంఖ్యాబలంతో నెగ్గించుకోకూడదంది. రెండు పక్షాలూ విడివిడిగా కూర్చుని రాజీకి రావాల్సిందే. పోప్ పదో ఇన్నోసెంట్ ఖండించినా ఎవరూ వెనక్కి తగ్గలేదు.

సైనికుడిగా నన్ను ఎక్కువ ఆకట్టుకున్న షరతు మరొకటి ఉంది. స్వీడన్ సైన్యాన్ని ఇంటికి పంపడానికి 50 లక్షల థాలర్లు కేటాయించారు. జీతం అందని సైన్యం సంధి పత్రాన్ని లెక్కచేయదని వాళ్లకు తెలుసు. దళాల ఉపసంహరణ వివరాలు తేల్చడానికే 1650 దాకా నూరెంబర్గ్‌లో చర్చలు సాగాయి.

దానికి పన్నెండేళ్ల ముందు, 1636లో మన గోల్కొండలోనూ ఒక ఒప్పందం జరిగింది. షాజహాన్ సేనలతో దక్కనుకు వచ్చి, షియా అయిన అబ్దుల్లా కుతుబ్ షాను లొంగదీశాడు. శుక్రవారం ఖుత్బాలో పన్నెండుమంది ఇమాముల పేర్లు తీసేసి నలుగురు ఖలీఫాల పేర్లు చదవాలి. ఇరాన్ షా పేరు బదులు షాజహాన్ పేరు చేర్చాలి. ఏటా 2 లక్షల హొన్నుల కప్పం కట్టాలి. ఆ దండయాత్ర మతం కోసమే జరిగిందనలేం, రాజ్యకాంక్షే అసలు కారణం. కానీ ఓడినవాడి నోట గెలిచినవాడి ప్రార్థన పెట్టిన ఒప్పందం అది. దాన్ని కాపాడే మూడోపక్షం లేదు. 1656లో కప్పం బకాయి కూడా ఒక సాకుగా ఔరంగజేబు గోల్కొండపై పడ్డాడు. 1687లో ఆ రాజ్యమే అంతరించింది.

వెస్ట్‌ఫాలియాతో ఐరోపాలో యుద్ధాలు ఆగిపోలేదు. కానీ మతం పేరిట అంతటి యుద్ధం జర్మన్ నేల మీద మళ్లీ జరగలేదు. ఎదుటివాడి విశ్వాసాన్ని మార్చే పని వదిలేసి ఆస్తి, ఓటు, జీతం వంటి లెక్కలు తేల్చుకోవడమే దానికి కారణమని నా నమ్మకం.

మా ఊరి సమావేశంలో దారి గురించి, వేళ గురించి గంటలు గంటలు వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి. 1979లో దారి గురించిన తగవే మారణకాండగా మారింది.

(వ్యాసకర్త విశ్రాంత సైనికాధికారి)