ఇంట్లో కృష్ణా నీళ్లు, చేలో బోరు నీళ్లు

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల్లో తిరిగిన కార్యకర్తలకు వంగిన నడుములు, కర్రపట్టిన పడుచువాళ్లు కొత్త కాదు. ఇక్కడి రాతిలోని ఫ్లోరైడు కరిగి నీటిలో కలుస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఈ ఊళ్ల బోర్లలో అంతకు ఎన్నో రెట్లు తేలింది. కాచి తాగితే పోతుందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో పాలు పెరుగుతుంది.

పటిక, సున్నం కలిపి నీటిని తేర్చే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని 'నీరి' సంస్థ కనిపెట్టి 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టింది. జిల్లా పేరు పుస్తకాలకెక్కింది గాని, పొద్దున్నే కూలికిపోయే తల్లికి బిందె బిందెకూ పటిక కలిపి కూర్చునే తీరికేదీ?

కావలసింది నది నీళ్లు. ఆ గోడు ఢిల్లీకి వినిపించాలని 1996లో నల్లగొండ పార్లమెంటు స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. సాగర్ జలాశయం నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తి, అక్కంపల్లిలో నిలిపి, కోదండాపురంలో శుద్ధిచేసి 2004లో వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని హైదరాబాదుకు పంపారు. పట్నానికి అంత దూరం నడిచిన కృష్ణమ్మ మన పల్లెలన్నిటి గడప తొక్కడానికి 2016లో మొదలైన మిషన్ భగీరథ దాకా ఆగాల్సి వచ్చింది. 2020లో తెలంగాణలో ఫ్లోరైడు నీళ్లు తాగే ఆవాసం ఒక్కటీ లేదని పార్లమెంటులో లెక్క చెప్పారు. నల్లా వచ్చిన మాట నిజమే, కాదనం. కాని ఎత్తైన ట్యాంకు నుంచి ఒకే పెద్ద గొట్టం ఎన్నో ఊళ్లకు పోతుంది. అది పగిలిందా, అన్ని ఊళ్లూ మళ్లీ బోరు దగ్గరికే.

లెక్కకు అందనిది ఇంకొకటుంది. పోయినేడు పత్తి చేలో ఒక అక్క మమ్మల్ని నిలదీసింది: "ఇంట్ల నల్లా నీళ్లే తాగుతున్నం. పొద్దంత చేన్ల తాగేది బోరు నీళ్లే గదా అన్నా, అవి ఏ లెక్కల రాసిండ్రు?"

మా దగ్గర జవాబు లేదు. ఎండలో వంగి పనిచేసే మనిషి తాగేది ఇంట్లోకంటే చేలోనే ఎక్కువ. ఆ ఏడు కూలిరేటు మాట్లాడేటప్పుడే నల్లా నీళ్లు క్యాన్లలో చేనికి తేవాలని అడిగాం. "మేమూ ఈ బోరు నీళ్లే తాగి పెరిగినం" అన్నాడో ఆసామి. పక్కనే కూర్చున్న ఆయన తండ్రి మోకాళ్లు పట్టుకుని లేవలేక లేస్తున్నాడు. మర్నాటి నుంచి రెండు క్యాన్లు వచ్చాయి.

మిగతా చేలల్లో ఇంకా అడగవలసే ఉంది.