రెండించుల నీళ్లంటే ఎన్ని లీటర్లు?

కన్నవారి పేరు మీద సదఖా జారియాగా ఒక బోరు వేయించినవారు, మసీదుకు మోటారు ఇచ్చినవారు, బడిపిల్లలకు మంచినీటి ప్లాంటు పెట్టించినవారు ఈ సంచిక చదివేవారిలో చాలామంది ఉంటారు. ఇచ్చే ముందు "ఎంత ఖర్చవుతుంది?" అని అందరం అడుగుతాం. "నీళ్లు ఎన్ని వస్తాయి?" అని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో కొలతలో జవాబు చెబుతారు. బోరు వేసినవారు ఇంచుల్లో చెబుతారు. మోటారు మీద నిమిషానికి లీటర్లు రాసి ఉంటుంది. ప్లాంటు వారు గంటకు లీటర్లంటారు. అమెరికాలో ఉన్న మన అబ్బాయి గ్యాలన్లలో అడుగుతాడు. పేపర్లో చూస్తే క్యూసెక్కులు.

ఈ తికమకలో నేనే ఒకసారి పొరబడ్డాను. కొన్నేళ్ల క్రితం మా వైపు ఒక వీధికి చందాలు వేసుకుని బోరు వేయించాం. "ఇంచు నీళ్లు పడ్డాయి" అన్నారు. పక్క వీధి రెండించుల బోరు వంద ఇళ్లకు నీళ్లిస్తోంది కాబట్టి మన యాభై ఇళ్లకు ఇంచు చాలునని కమిటీకి లెక్క చెప్పింది నేనే. ఎండాకాలం రాగానే సగం ఇళ్లకు కూడా నీరందలేదు. బోరులో ఊరే నీటికి మించి లాగి లాగి మోటారు కాలిపోయింది. పాతికేళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పిన నేను ఇంచు నీటి కొలత కాదన్న సంగతి మరిచిపోయాను.

ప్రవాహం అంటే ఇంత సమయంలో ఇంత నీరు. అందులో ఒక పరిమాణం, ఒక కాలం రెండూ ఉండాలి. ఇంచు పొడవును చెబుతుంది, అంతే. బోరు నుంచి బయటికొచ్చే నీటిని కాలువలా పారించి, 'వి' ఆకారంలో గాడి కోసిన రేకును దానికి అడ్డం పెడతారు. గాడి అడుగు నుంచి నీరు ఎన్ని ఇంచుల ఎత్తున పారుతుందో చూస్తారు. ఎత్తు పెరిగేకొద్దీ గాడి వెడల్పూ పెరుగుతుంది, నీటి వేగమూ పెరుగుతుంది. అందుకే ఎత్తు రెట్టింపైతే నీరు రెట్టింపుతో ఆగదు, అయిదున్నర రెట్లు దాటుతుంది. 90 డిగ్రీల గాడికి లెక్క సుమారుగా ఇలా వస్తుంది:

ఒక ఇంచు – గంటకు 500 లీటర్లు
రెండించులు – గంటకు 2,900 లీటర్లు
మూడించులు – గంటకు 8,000 లీటర్లు

పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలన్నది జల్ జీవన్ మిషన్ లక్ష్యం. ఇంటికి అయిదుగురు చొప్పున వంద ఇళ్లంటే 500 మంది, రోజుకు 27,500 లీటర్లు. రెండించుల బోరు తొమ్మిదిన్నర గంటల్లో ఆ నీళ్లిస్తుంది. ఇంచు బోరు రాత్రింబవళ్లు ఆడినా 12,000 లీటర్లే. యాభై ఇళ్లకు కావలసిన 13,750 లీటర్లకు కూడా అది చాలదు. నా పొరపాటు ఇక్కడే జరిగింది.

వి-గాడి లేకపోయినా బకెట్టు, గడియారం ఉంటే చాలు. 20 లీటర్ల బకెట్టు 25 సెకన్లలో నిండితే సెకనుకు 0.8 లీటరు. 60తో గుణిస్తే నిమిషానికి 48 లీటర్లు, మళ్లీ 60తో గుణిస్తే గంటకు 2,880 లీటర్లు. బోరు వేసిన రోజున ఎగజిమ్మే నీటిని చూసి మురిసిపోకండి. మోటారు కొన్ని గంటలు ఆడాక కొలవాలి. వీలైతే ఏప్రిల్, మే నెలల్లో మరోసారి కొలవాలి.

మోటారు కొనేటప్పుడు హెచ్‌పీ ఒక్కటే చూస్తే చాలదు. ఎంత లోతు నుంచి, ఎంత ఎత్తుకు తోడితే నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో చూడాలి. నిమిషానికి 48 లీటర్లు ఊరే బోరుకు వంద లీటర్లు లాగే మోటారు బిగిస్తే దానికి మా మోటారు గతే పడుతుంది.

మసీదు వుజూఖానా లెక్క కాస్త వేరు. జుమా రోజున 20 కుళాయిలు నిమిషానికి 6 లీటర్ల చొప్పున అరగంట పారితే 3,600 లీటర్లు కావాలి. రెండించుల బోరు ఆ అరగంటలో ఇచ్చేది 1,450 లీటర్లే. మిగతా 2,150 లీటర్లు ముందే ట్యాంకులో ఉండాలి. ఇలాంటి చోట రెండో బోరు కంటే పెద్ద ట్యాంకుకు ఇచ్చిన డబ్బే ఎక్కువ ఉపయోగపడవచ్చు.

విదేశాల్లో ఉన్న దాతలకు ఒక మాట. గ్యాలన్లు రెండు రకాలు. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు. నిమిషానికి 10 గ్యాలన్లంటే మొదటి లెక్కన గంటకు 2,271 లీటర్లు, రెండో లెక్కన 2,728 లీటర్లు. ఏ గ్యాలనో అడగకుండా లెక్క వేయకండి.

ఇక పేపర్లో కనిపించే క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు. సెకనుకు ఒక ఘనపు మీటరైతే క్యూమెక్కు, అది 35.3 క్యూసెక్కులకు సమానం. టీఎంసీ మాత్రం ప్రవాహం కాదు, నిల్వ. వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. 2024 సెప్టెంబరు వరదలో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. సెకనుకు మూడు కోట్ల లీటర్లకు పైమాట. పావుగంటకు ఇంచుమించు ఒక టీఎంసీ అన్నమాట. అంత కృష్ణమ్మకైనా, మన వీధి బోరుకైనా లెక్క ఒక్కటే: ఎంత నీరు, ఎంత సమయంలో.

కనుక ఈసారి నీటి కోసం చందా ఇచ్చేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. గంటకు ఎన్ని లీటర్లు? ఎప్పుడు, ఎలా కొలిచారు? ఎంతమందికి రోజుకు ఎన్ని లీటర్లు కావాలి? అడిగితే నమ్మకం లేనట్టు అవుతుందేమోనని మొహమాటపడవద్దు. ఆ రోజు మా కమిటీలో ఒక్కరు నన్ను ఈ మాట అడిగి ఉంటే, ఆ ఎండాకాలం మా వీధి ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పక్క వీధికి వెళ్లేవారు కాదు.