పల్లె భజన బృందం

పదిమంది కలిసి చేసే పనికి పాట తోడైతే శ్రమ తెలియదు. పదిమంది కలిసి పాడటాన్నే ఒక పనిగా పెట్టుకొన్నప్పుడు ఆ పాట ఊరికి ఒక కట్టుబాటును నేర్పుతుంది. రాయలసీమ గ్రామాలలోని పురుషుల భజన బృందాలు ఇందుకు నిదర్శనాలు. చిత్తూరు సీమకు పడమటి దిక్కున ఉన్న గంగవరం, పలమనేరు, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు కన్నడ, తమిళ దేశాలకు పొరుగున ఉన్నాయి. చెరువుల కింది సేద్యం, మెట్టపంటలు, పశుపోషణ ఇక్కడి ప్రజల జీవనాధారాలు. పగలంతా పొలాలలో శ్రమించినవారు రాత్రివేళ రామాలయం ముందు చేరి పాడుకొనే భజన ఈ నేలలో ఎలా వేరూనిందో, ఎలా ఎదిగిందో పరిశీలిద్దాం.

'భజ్' అనే సంస్కృత ధాతువుకు సేవించుట అనే అర్థంతో పాటు పంచుకొనుట అనే అర్థం కూడా ఉంది. ఈ రెండవ అర్థం బృందగానానికి చక్కగా సరిపోతుంది. పాటను పంచుకొని పాడటానికి ఆధారం పల్లవి. పదకవితా పితామహుడైన తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) పల్లవి, చరణాలు గల సంకీర్తనలను వేలసంఖ్యలో రచించి తెలుగులో ఆ ప్రక్రియను సుస్థిరం చేశాడు. 17వ శతాబ్దంలో భద్రాచల రామదాసు కీర్తనలు రామభక్తిని పామరుల నాలుకలపై నిలిపాయి. కన్నడ హరిదాసుల పదాలు, పండరీపురానికి పాడుతూ నడిచివెళ్ళే విఠలభక్తుల సంప్రదాయం పడమటి నుండి వచ్చి చేరాయి. 'పండరి భజన' అనే పేరులోనే ఆ జాడ ఉంది.

బృందం ఏర్పడే తీరు సరళమైనది. ధనుర్మాసంలో తెల్లవారకముందే దీపస్తంభం పట్టుకొని వీధివీధి తిరిగే నగర సంకీర్తన, ఏకాదశి రాత్రుల జాగరణ, శ్రీరామనవమి ఉత్సవం దీనికి సందర్భాలు. మొదట నలుగురైదుగురు పూనుకొంటారు. తరువాత నేర్పరియైన గురువును పిలిపించుకొంటారు. ఊళ్ళో గురువు లేకపోతే పొరుగూరినుండి రప్పించి, భోజనవసతులు ఊరివారే చూసుకొంటారు. పనులు తీరిన రాత్రులలో నెలల తరబడి అభ్యాసం సాగుతుంది.

చెక్కభజనలో ప్రతి గాయకునికీ చేతిలో చెక్కలుంటాయి. చెక్కలకు అమర్చిన లోహపు బిళ్ళలు దెబ్బదెబ్బకూ గలగలమంటాయి. కాళ్ళకు గజ్జెలు కట్టి, వలయంగానో వరుసలుగానో నిలిచి, పాటకు తగిన అడుగు వేస్తారు. గురువు చరణం ఎత్తుకొంటాడు. మిగిలినవారు పల్లవిని అందుకొంటారు. దీనినే వంతపాట అంటారు. ఒకరి అడుగు తప్పితే వరుస మొత్తం చెదురుతుంది. అందువల్ల బృందంలో చేరినవాడు పాడటం కంటే ముందు పక్కవాని అడుగును గమనించడం, తన గొంతును పదిమంది గొంతులకు అనుగుణంగా తగ్గించుకోవడం నేర్చుకోవాలి.

అక్షరజ్ఞానం కొద్దిమందికే పరిమితమైన కాలంలో ఈ బృందాలు పెరగడానికి వంతపాటే ముఖ్యకారణం. చదువురానివాడు సైతం మొదటిరోజే పల్లవి అందుకోగలడు. పల్లవి వచ్చినవానికి వినగా వినగా చరణం వస్తుంది. చరణాలు వచ్చినవానికి రామాయణ కథ మొత్తం కంఠస్థమవుతుంది. నేడు వెనుకవరుసలో వంత పాడినవాడే కొన్నేళ్ళకు మరొక ఊరికి గురువు కాగలడు. ఒక బృందం నుండి మరొక బృందం పుట్టింది ఈ విధంగానే.

ఈ సూత్రం పల్లెలకే పరిమితం కాదు. 1919 ఫిబ్రవరిలో విశ్వకవి రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేశాడు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ కోరికపై అక్కడి సభలో జనగణమన గీతాన్ని ఆలపించాడు. బెంగాలీ భాష తెలియని శ్రోతలు సైతం జయధ్వానంతో ముగిసే ఆ పల్లవిని మళ్ళీ మళ్ళీ పాడించుకొని, కొద్దిసేపటికే తామూ గొంతు కలిపారని కజిన్స్ తన ఆత్మకథలో తెలిపాడు. ఆ గీతానికి ఠాగూరు ఆంగ్లానువాదం చేసింది కూడా మదనపల్లెలోనే. 1950లో జాతీయగీతమైన పాటను కూడా ఈ ప్రాంతం వంతపాటగానే నేర్చుకొన్నది.

అయితే అన్ని గొంతులకూ అన్నిచోట్లా చోటు దక్కలేదన్నది కూడా సత్యమే. దేవాలయ ప్రవేశం లేని కులాలవారు తమ వాడలలోనే భజన మందిరాలు నిర్మించుకొని, తమ బృందాలను తామే తీర్చిదిద్దుకొన్నారు. మద్రాసు ప్రభుత్వం 1947లో దేవాలయ ప్రవేశ చట్టాన్ని తెచ్చిన తరువాత గుడి తలుపులు తెరుచుకొన్నా, మనసుల తలుపులు అంత త్వరగా తెరుచుకోలేదు. పంచుకొనుట అని అర్థమున్న భజన, పంచుకోవడానికి నిరాకరించిన సమాజంలోనే పెరిగింది. భజన చరిత్ర చదివేవారు ఈ వైరుధ్యాన్ని విస్మరించరాదు.

నేడు ఈ బృందాలకు వేరొక కష్టం వచ్చింది. ఉపాధి కోసం యువకులు బెంగళూరు వంటి నగరాలకు వెళ్తున్నారు. ఊరిలో గురువు ఉన్నా రాత్రి అభ్యాసానికి రావలసినవారు కరవవుతున్నారు. గుడిలో ధ్వనివర్ధకం ద్వారా గొప్ప గాయకుల పాటలు వినిపిస్తున్నాయి. కొన్ని ఊళ్ళలో స్త్రీలు కోలాటం, చెక్కభజన నేర్చుకొని ముందుకు రావడం శుభపరిణామం. యంత్రం మనకు ముందుపాటను అందించగలదు. దానికి వంత పాడవలసినవారు మాత్రం మనుషులే. పాడగలవాడు ఒక్కడున్నంత మాత్రాన బృందం నిలవదు. అందుకొనే గొంతులు ఉన్నంతకాలమే అది నిలుస్తుంది.