ప్రత్యేక అవసరాలు గల విద్యార్థుల ప్రవర్తన - పాఠశాలలలో అందించవలసిన తోడ్పాటు

తరగతిలో కేకలు వేసే, పదేపదే బయటకు పరుగెత్తే, తోటి పిల్లలను కొరికే విద్యార్థిని ఇంటి వద్దనే ఉంచుకొనవలసిందిగా తల్లిదండ్రులకు చెప్పి పంపివేసినట్లయితే, ఆ విద్యార్థి పేరు హాజరు పట్టికలో మిగిలి ఉంటుంది గాని చదువు అక్కడితో ఆగిపోతుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాలలో గాని, మరెక్కడైనా గాని, ఇట్టి విద్యార్థుల ప్రవర్తనను అల్లరిగా పరిగణించడానికి ముందు దాని కారణాన్ని పరిశీలించి నమోదు చేయడం పాఠశాల బాధ్యత.

ఈ విషయమై చట్టం స్పష్టంగా ఉన్నది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యే వరకు ఏ విద్యార్థినీ బడి నుండి బహిష్కరించరాదని కూడా అదే చట్టం పేర్కొన్నది. 21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, ప్రతి విద్యార్థి అవసరానికి తగిన సర్దుబాట్లు చేయవలసిన బాధ్యతను విద్యాసంస్థలపై ఉంచింది.

ప్రవర్తనను కొలిచే మాపని ఒకటి తెలుగు నేలపైనే రూపొందిందన్న సంగతి చాలామందికి తెలియదు. 1984లో సికింద్రాబాద్‌లో ఏర్పాటైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, 1992లో భారతీయ బాలల కోసం 'బేసిక్-ఎంఆర్' అనే ప్రవర్తన మాపనిని వెలువరించింది. రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ దీనిని రూపొందించారు. ఇందులోని రెండవ భాగం 75 సమస్యాత్మక ప్రవర్తనలను 10 విభాగాలలో పొందుపరచింది. ఒక్కొక్క ప్రవర్తన అసలు లేనిచో సున్న, అప్పుడప్పుడు కనిపించినచో 1, తరచుగా కనిపించినచో 2 మార్కులు వేస్తారు. "వీడు మాట వినడు" అనే అభిప్రాయం స్థానంలో ఏ ప్రవర్తన ఎంత తరచుగా కనిపిస్తున్నదో తెలిపే వివరం చేతికి వస్తుంది.

ఆ తరువాతి పని మూడు గడుల పట్టిక. ప్రవర్తనకు ముందు ఏమి జరిగింది, విద్యార్థి ఏమి చేశాడు, ఆ వెంటనే ఇతరులు ఏమి చేశారు అనే మూడింటిని కొన్ని రోజుల పాటు వ్రాయాలి. ఉదాహరణకు నాలుగవ తరగతి బాలుడొకడు లెక్కల పీరియడులో పుస్తకం చించుతున్నాడనుకుందాం. ఉపాధ్యాయుడు అతనిని వరండాలో నిలబెడతారు. లెక్కలు తప్పాయి గనుక ఆ బాలునికి కావలసినదే లభించింది. శిక్ష అనుకున్నది బహుమతి అయింది. మరునాడు మరో పుస్తకం చిరుగుతుంది. పది లెక్కలకు బదులు మూడు ఇచ్చి, కష్టమనిపించినప్పుడు 'సాయం కావాలి' అని చూపే బొమ్మ కార్డు వాడడం నేర్పితే చించవలసిన అవసరం తగ్గుతుంది. అదే చించడం ఉపాధ్యాయుడు తన వద్దకు రావాలన్న కోరికతో జరుగుతున్నట్లయితే మార్గం వేరు. బుద్ధిగా కూర్చున్న సమయంలోనే అతనిని పలకరించాలి. ఒక ప్రవర్తనకు ఇద్దరు పిల్లలలో రెండు కారణాలు ఉండవచ్చును గనుక అందరికీ ఒకే చిట్కా పనికిరాదు.

మధ్యాహ్న భోజన వేళ పళ్ళేల చప్పుడుకు చెవులు మూసుకొని అరిచే ఆటిజం గల విద్యార్థికి పది నిమిషాలు ముందుగా, వరుస చివర భోజనం పెట్టడం ఖర్చు లేని సర్దుబాటు. హఠాత్తుగా మొదలైన మొండితనం వెనుక పంటి నొప్పి, చెవి పోటు, మలబద్ధకం వంటివి ఉండవచ్చును. మాటలు రాని పిల్లల విషయంలో ముందుగా వైద్య పరీక్ష చేయించాలి.

కోరికను గుర్తించి పాత స్పందనను ఆపివేసిన తొలి రోజులలో ప్రవర్తన తగ్గకపోగా పెరిగే అవకాశమున్నది. చాలా ప్రయత్నాలు ఈ దశలోనే విరమించబడుతున్నాయి. అందరు ఉపాధ్యాయులు, ఇంట్లో తల్లిదండ్రులు ఒకే తీరుగా వ్యవహరించినప్పుడే ఫలితం ఉంటుంది.

ఈ ప్రాంతానికి మరొక ప్రత్యేకత ఉన్నది. కుప్పం, నగరి, సత్యవేడు వంటి సరిహద్దు ప్రాంతాలలో ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలు ఉన్నారు. ఆదేశం అర్థం కాకపోవడాన్ని ధిక్కారంగా భావించరాదు. వినికిడి లోపం గల పిల్లలు పిలుపు కోసం భుజం తట్టడం, చొక్కా లాగడం కూడా అంతే. అది వారి సంభాషణ. తిరుమల తిరుపతి దేవస్థానం బధిర విద్యార్థుల కోసం తిరుపతిలో ప్రత్యేక పాఠశాలను నిర్వహిస్తున్నది. సాధారణ పాఠశాలలలోని విద్యార్థులకు సమగ్ర శిక్ష ఆధ్వర్యంలోని భవిత కేంద్రాలు, సహిత విద్య రిసోర్సు ఉపాధ్యాయులు తోడ్పాటు అందిస్తున్నారు.

ప్రత్యేక ఉపాధ్యాయుల సంఖ్య చిరకాల సమస్య. ఎంతమంది విద్యార్థులకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలో తెలిపే ప్రమాణాలను ప్రకటించాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో నిర్దేశించింది. రాష్ట్ర ప్రభుత్వం 2025లో 2,260 ప్రత్యేక విద్యా ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసింది. వారు తోడుగా ఉన్నప్పటికీ, రోజంతా విద్యార్థి ఎదుట ఉండేది తరగతి ఉపాధ్యాయుడే.

తీవ్ర వైకల్యం వలన బడికి రాలేని వారి కోసం ఉద్దేశించిన గృహ ఆధారిత విద్యను, ప్రవర్తన కారణంగా విద్యార్థిని తప్పించడానికి వాడరాదు. తనిఖీకి వెళ్ళే అధికారులు ప్రత్యేక అవసరాలు గల విద్యార్థుల హాజరుతో పాటు మూడు గడుల పట్టికను కూడా చూపమని అడగవచ్చును.