మారిషసు ద్వీపమున మిత్రదర్శనము

దేశాటనమువలన బుద్ధి వికసించునని పెద్దలు చెప్పుదురు. అది సత్యమే. కాని విదేశమున కేగినవాడు రెండు విధములుగా జూడవచ్చును. దారి చూపువానిని కూలికి గుదుర్చుకొని, అతడు చూపినదే చూచి, చెప్పినదే విని, కొన్ని ఛాయాచిత్రములతో మరలివచ్చుట యొక విధము. అక్కడ జీవించుచున్న బాల్యమిత్రుని యింట దిగి, అతని వెంట దిరిగి చూచుట రెండవ విధము. మొదటిదానివలన పరదేశము తెలియును. రెండవదానివలన పరదేశముతోబాటు స్వగ్రామమును దెలియును. తెలుగుదేశమున విదేశవాసియగు బంధువో మిత్రుడో లేని కుటుంబము నేడు అరుదగుచున్నది. కావున నా యాత్రనుగూర్చి నాలుగు మాటలు వ్రాయుట పాఠకులకు నిరుపయోగము కాదని తలచెదను.

మాది రుద్రారము. సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరువునకు సమీపమున, హైదరాబాదునుండి బొంబాయికి బోవు రహదారిపై నున్నది. గణపతి దేవాలయమువలన చుట్టుపట్ల ప్రసిద్ధి గన్నది. మా బాల్యమున ఆ దారి కిరువైపుల జొన్నయు, కందియు, శనగయు పండెడివి. నేడు ఆ చేలలో ననేకము కర్మాగారముల ప్రాకారములలోనికి బోయినవి. గీతం విశ్వవిద్యాలయపు భవనములును అచ్చటనే లేచినవి. పటాన్‌చెరువున 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధనక్షేత్రమునం దిప్పటికిని జొన్న, కంది పైరులు గనబడును గాని, ఆ క్షేత్రమును దాటి వచ్చినచో యంత్రముల ఘోషయే వినబడును.

నా మిత్రుడును నేనును ఒకే బడిలో నొకే బల్లపై గూర్చుండి చదివినవారము. అతడు చెరుకుమిల్లుల యంత్రములపని నేర్చి, కొంతకాలము జహీరాబాదు ప్రాంతమున బనిచేసి, పదునైదేండ్ల క్రిందట హిందూమహాసముద్రమునందలి మారిషసు ద్వీపమునకు బోయెను. అక్కడ నొక చక్కెరమిల్లులో బాయిలరు విభాగమును జూచుచున్నాడు. "ఒక్కసారన్న రారాదా" అని ఏటేట పిలుచుచుండెను. తుదకు 2025 కార్తికమాసమున బయలుదేరితిని. అతని యాలు కోరినందున సకినాలును, జొన్నపిండియు గొనిపోతిని.

మారిషసు చిన్నదేశము. వైశాల్యము సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య పండ్రెండు లక్షలకు బైబడినది. వారిలో మూడింట రెండువంతులవారు భారతదేశమునుండి పోయినవారి సంతతివారు. ఆ దేశము 1968 మార్చి 12వ తేదీన స్వాతంత్ర్యము పొందెను. మహాత్ముడు 1930లో దండికి బయలుదేరిన తేదీయు నదియే. దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు వచ్చుచు 1901లో గాంధీమహాత్ముడు ఆ ద్వీపమున దిగి, బిడ్డలకు చదువు చెప్పించుడనియు, దేశవ్యవహారములలో పాల్గొనుడనియు మనవారికి హితవు చెప్పెను. 1907లో మణిలాల్ డాక్టరను న్యాయవాది యక్కడకు బోయి కూలీల పక్షమున వాదించెను. ఈ సంగతులు నా మిత్రుని కొడుకు, పదిమూడేండ్లవాడు, నాకు జెప్పినాడు. వానికి ఫ్రెంచియు, క్రెయోలుభాషయు ధారాళముగా వచ్చును. తెలుగు మాత్రము తల్లితోనే మాటలాడును.

మొదటిదినమున మేము పాంప్లెమూసు ఉద్యానమునకు బోతిమి. పియర్ ప్వావ్ర్ అను ఫ్రెంచివాడు పదునెనిమిదవ శతాబ్దమున పెంపొందించిన తోట యది. కొలనులో దేలియాడు పెద్దకలువల యాకులు మన జొన్నరొట్టె పెనములకు నాలుగైదింతలున్నవి. అంచులు పళ్లెమువలె పైకి మడిచియున్నవి. వీధిలో శనగబద్దల వంటి పప్పు నూరిపెట్టి కాల్చిన రొట్టెను పాతకాగితమున జుట్టి యిత్తురు. పేరు దాల్‌పూరి. మనవారు కొనిపోయినదే యిప్పుడా దేశమువారందరి యాహారమైనది. తోటను జూచి నేను సంతోషించుచుండగా నా మిత్రుడు, "ఇది అందరు చూసేదే. రేపు నీకు వేరేది చూపెడత" అనెను.

మరునాడు చెరుకుతోటల నడుమ కారు నిలిపి దిగుమనెను. తోటలోపల నల్లరాళ్ల గుట్ట యొకటి యుండెను. రెండంతస్తుల మేడయంత యెత్తున, ప్రక్కలు గోడవలె బేర్చి, మట్టమైన శిఖరముతో నున్నది. దూరమున మరియొకటి, దానికావల మరియొకటి. దేవాలయశిథిలములా యని యడిగితిని.

"కాదు. ఈ ద్వీపమంత అగ్గికొండ కక్కిన రాయి. రాళ్లు ఏరితేనే చెరుకు. ఎవరేరిండ్రనుకుంటున్నవు? మనోళ్లే. ఒక్కొక్క రాయి నెత్తిన మోసి ఇట్ల పేర్చిండ్రు" అని చెప్పెను.

రైతు బిడ్డనగుటచే నేనా గుట్టను జాలసేపు చూచుచుంటిని. మా యూర పొలములో రాయి యేరుట యెట్టి పనియో నే నెరుగుదును. ఒక యెకరమున నేరిన రాయి గట్టున బోయుటకే వేసవి గడచిపోవును. అట్టిచో ద్వీపము ద్వీపమంతయు నేరిన చేతు లెన్ని!

ఆ చేతులు దిగిన తావును మూడవదినమున జూచితిమి. రాజధానియగు పోర్టు లూయీలో సముద్రపుటొడ్డున ఆప్రవాసి ఘాటు గలదు. 2006లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వస్థలముగా బ్రకటించెను. 1834 నవంబరు 2వ తేదీన అట్లాసను నోడలో ముప్పదియార్గురు కూలీలు వచ్చిరి. ఆ తేదీ నేటికి నచ్చట సెలవుదినము. మరుసటి సంవత్సరమున నచ్చట బానిసత్వము రద్దయ్యెను. బానిసల బదులు ఒప్పందపుకూలీలను దింపు ప్రయోగ మట్లు మొదలై, 1920 వరకు సుమారు అయిదులక్షలమంది నా రేవున దించినది. 1849లో కట్టిన శిబిరమున నిపుడు కొంతభాగమే మిగిలినది. మిగిలిన దానిలో ఆసుపత్రిగదులు, వంటసాల, మరుగుదొడ్లు, వాకిటి కావలివాని కొట్టిడి గానవచ్చును. నీటినుండి పైకి వచ్చు రాతిమెట్లు మాత్రము చెక్కుచెదరలేదు. ఓడ దిగినవారు మొట్టమొదట పాదము మోపినది వానిపైననే.

ఒప్పందము సాధారణముగ అయిదేండ్లు. నెలకు అయిదురూపాయల జీతమును, బియ్యము పప్పుల బత్తెమును. ఒకదినము పనికి రాకున్న రెండుదినముల కూలి కోత. ఒప్పందము తీరినవాడును స్వేచ్ఛగా దిరుగుటకు వీలులేదు. 1867 నాటి చట్టప్రకారము ఛాయాచిత్రమతికిన చీటి వానివద్ద నుండవలెను. లేకున్న తిరుగుబోతని పట్టి చెరసాలకు బంపుదురు. ఈ యన్యాయమును సహింపజాలక 1871లో తొమ్మిదివేలకు మించిన పాతకూలీలు గవర్నరుకు మహజరు బెట్టుకొనిరి. దానిని వ్రాయుటలో వారికి దోడుపడినవాడు ఆడోల్ఫు ద ప్లెవిట్జ్ అను ఐరోపావాడు. ఫలితముగా 1872లో రాజవిచారణసంఘము వచ్చెను.

ఆ ఛాయాచిత్రములును, వచ్చినవారి పేళ్లు వ్రాసిన పుస్తకములును నిపుడు మోకాపట్టణమున మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరుపబడియున్నవి. పేరు, తండ్రిపేరు, వయస్సు, ఎత్తు, ఒంటిపై మచ్చ, కులము, జిల్లా, గ్రామము: ఇన్నియు వ్రాసిరి. దయచేత వ్రాసినది గాదు. పారిపోయినవానిని బట్టుకొనుటకు వ్రాసిరి. సంకెల యెట్టిదో ఆ లెక్కయు నట్టిదే. అయినను దాని తరువాతి చరిత్ర వేరైనది.

అది నా కెట్లు తెలిసినదో చెప్పెదను. నా మిత్రుని మిల్లులో బనిచేయు నొక వృద్ధుడు తెలుగువాడు. అచ్చట తెలుగువారిని కోరింగీలందురు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుండి వచ్చిన ఓడలపేర నా పేరు నిలిచెను. ఉగాది ఆ దేశమున ప్రభుత్వసెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభ అచ్చటనే జరిగెను. రామభజనయు, సింహాద్రి అప్పన్న పూజయు, అమ్మోరు పండుగయు వారిలో నిలిచియున్నవి. ఆ వృద్ధుడు మమ్ము తన యింటికి బిలిచి, దీపము చుట్టు దిరుగుచు భజన చేయు పీటను జూపెను. పాట తెలుగు, మాట క్రెయోలు. పిమ్మట బీరువాలోనుండి యొక కాగితమును దీసి నాచేత బెట్టెను. అతని తాతతండ్రి లెక్కకు నకలది. విశాఖపట్టణము జిల్లా యని స్పష్టముగా నున్నది. గ్రామముపేరు మాత్రము ఇంగ్లీషు గుమాస్తా విన్నట్లు వ్రాసినది. ఎన్నివిధముల బలికినను ఏ యూరో తేలలేదు.

"మీ ఊరికి దగ్గరనా?" అని నా మిత్రునిద్వారా యడిగించెను. మాది సముద్రము లేని సీమయనియు, విశాఖ మాకు బహుదూరమనియు జెప్పితిని. వృద్ధుడు కొంచెము నవ్వి, కాగితమును మరల మడిచి, "ఊరు దొరకకున్నను తండ్రిపేరు దొరికినది. మనవడు ఇంటిపేరు సరిగా వ్రాయుచున్నాడు" అని చెప్పించెను. పట్టుకొనుటకు వ్రాసిన లెక్క, నూరేండ్లు గడచినపిదప, తండ్రిని బిడ్డకు బట్టియిచ్చినది.

ఆ రాత్రి మిత్రుని యింటి వరండాలో గూర్చుంటిమి. అతడు చాలసేపు మాటాడక, తుదకిట్లనెను: "మన రుద్రారంల నాన్న జాగల ఎనిమిది గదులు కట్టిచ్చిన గద. నెల నెల కిరాయి ఖాతాల పడ్తది. అండ్ల ఎవరున్నరో నాకే ఎరుక లేదు. ఒడిశానో, బిహారో. జూన్‌ల పాశమైలారం కబురు విన్ననాడు ముందుగాల నా గదులే యాదికొచ్చినయి. ఫోను చేసి ఏమని అడగాలె? పేర్లు తెల్వకపోతె ఎవరిని అడగాలె?"

పాఠకులకు జ్ఞాపకముండును. 2025 జూన్ 30వ తేదీన రుద్రారమునకు సమీపముననున్న పాశమైలారము పారిశ్రామికవాడలో నొక ఔషధసంబంధమగు కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలుబదిమందికి మించి మృతిచెందిరి. వారిలో ననేకులు ఒడిశా, బిహారు మొదలగు రాష్ట్రములనుండి పొట్టకూటికై వచ్చినవారు. దేహములను గుర్తింపజాలక డి.ఎన్.ఎ. పరీక్షలు చేయవలసివచ్చెను. తమవారి జాడకై బంధువులు దినములకొలది ఆసుపత్రివాకిట నిలిచిరి.

నాటి ఒప్పందపుకూలీయు, నేటి కర్మాగారకార్మికుడును నొక్కటియే యని నేను వాదింపను. ఇతడు స్వతంత్రుడు. పండుగకు రైలెక్కి యింటికి బోగలడు. చేత టెలిఫోను గలదు. కొట్టినవానిపై ఫిర్యాదు చేయగలడు. కాని యొక్క విషయమున నాటివాడే మేలనదగియున్నాడు. పరాయిప్రభుత్వము స్వార్థమునకైనను వాని పేరును, తండ్రిపేరును, గ్రామమును వ్రాసికొన్నది. మన నడుమ వసించువాని పేరు మనము స్నేహమునకైనను వ్రాసికొనము. "బిహారువాడు" అందుము. అది పేరు గాదు.

చట్టము లేకపోలేదు. 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలసకార్మికులకై చట్టము చేసి, గుత్తదారు ప్రతికార్మికునకు ఛాయాచిత్రముతో పాసుపుస్తక మియ్యవలెనని శాసించినది. ఆ చట్టము 2020 నాటి కార్మికస్మృతులలో గలిసిపోయినది. స్మృతులు మారినను లెక్క వ్రాయు ధర్మము మారదు. అధికారులు, యజమానులు తమ విధిని నెరవేర్పవలసినదే. వారిని నిలదీయుట పత్రికల విధి. కాని రుద్రారము, పటాన్‌చెరువు, పాశమైలారము, ఇస్నాపురములలో గదులు కట్టి కిరాయి దినుచున్న మన గృహస్థులు చట్టమునకై వేచియుండ నక్కరలేదు.

ఒప్పందపుకూలీపద్ధతి మనజాతికి తలవంపని భారతదేశమంతయు ఘోషించిన కాలమొకటి గలదు. ఆ యాందోళనమువలన 1917లో కూలీల యెగుమతి ఆగినది. నాడు మనము పంపినవారము. నేడు మన చెరువుగట్టున దిగుచున్నవారికి మనమే రేవు. పంపినప్పుడు పరాయివాని నిందించిన నోటితో, వచ్చినవానిని మనము పేరుపెట్టి పిలువనేరకున్న, నాటి నిందకు విలువ యేమి?

నా మిత్రుడు మరునాడే యొక పని చేసెను. రుద్రారమున తన గదులు చూచు దూరపుబంధువునకు ఫోను చేసి, అరువదిపుటల నోటుపుస్తకము కొనుమని చెప్పెను. గదికొక పుట. పేరు, తండ్రిపేరు, ఊరు, తాలూకా, పనిచేయు మిల్లు, ఆపదలో గబురు చెప్పవలసిన యింటివారి టెలిఫోను సంఖ్య. ఊరిపేరు వానిచేతనే, వాని లిపిలోనే వ్రాయింపుమనెను. వినినట్లు వ్రాసిన పేరు నూరేండ్లకు దొరకదని యతడు కన్నులార జూచియుండెను. ఆ పుస్తకమును పోలీసులకై గాక, వారికై యుంచుచున్నామని వారితో జెప్పుమనియు నాజ్ఞాపించెను. ఈ కట్టడిలో నన్నిటికంటె ముఖ్యమైన దిదియే. పట్టుటకు వ్రాసినచో వారు అబద్ధపు పేరు చెప్పుదురు; ఆదుకొనుటకు వ్రాసినచో నిజము చెప్పుదురు.

ఎనిమిది గదులలో ఇరువదియొక్కరున్నారని నాలుగుదినములలో జాబు వచ్చెను. వారిలో ముగ్గు రొకే గ్రామమువారు. ఒకడు తన పుటలో ఊరిపేరు క్రింద, ఎవ్వరు నడుగకయే, తన కూతురి పేరుకూడ వ్రాసెను.

కిరాయి గదులుగల ప్రతి గృహస్థుడును ఇట్టి పుస్తకము నొకదాని నుంచుట కష్టముగాదు. గ్రామపంచాయతీలు దీనిని బూనుకొన్నచో మరియు మేలు. ఖర్చు నలుబది యేబది రూపాయలు. కాలము ఒక సాయంకాలము.