మిక్సీ ఆగిపోతే పారవేయవలెనా?

పచ్చడి రుబ్బుచుండగా మిక్సీ ఆగిపోతే, "ఇక దీని పని అయిపోయింది, కొత్తది కొనాలి" అని అనేక గృహాలలో తలంచుతారు. పంట డబ్బు చేతికి రాకముందే అప్పు చేసి కొత్తది తెచ్చుకొనే కుటుంబాలను మనము చూస్తున్నాము. అయితే చాలాసార్లు చెడిపోయేది మిక్సీ అంతా కాదు, అందులోని ఒక చిన్న భాగమే.

మొదట ప్లగ్గు తీసివేయండి. జారు అడుగున ఉన్న కప్లరును తిప్పి చూడండి. బిగుసుకొనియుంటే లోపం జారుదే. చాలా మిక్సీలకు అడుగున ఒక చిన్న బటన్ ఉంటుంది. బరువు ఎక్కువై మోటారు వేడెక్కినప్పుడు అది బయటికి వచ్చి కరెంటును ఆపివేస్తుంది. కొంతసేపు చల్లారనిచ్చి నొక్కితే మిక్సీ మరల తిరుగవచ్చు. మోటారు శబ్దం వచ్చినా బ్లేడు తిరుగకపోతే కప్లరు అరిగిందేమో చూడాలి.

ఇవేవీ కాకపోతే మెకానిక్కుకు చూపించాలి. మోటారులోని రెండు కార్బన్ బ్రష్షులు తిరిగే ఆర్మేచరుకు కరెంటు అందిస్తూ క్రమంగా అరిగిపోతాయి. రెండింటినీ ఒకేసారి మార్చించాలి. కాయిలు కాలిపోతే మాత్రం ఖర్చు ముందే అడిగి, కొత్తదాని ధరతో పోల్చి నిర్ణయించుకోవాలి. ముట్టుకుంటే షాకు కొట్టే మిక్సీని బాగుచేయించేవరకు ఎవరూ వాడరాదు.

కంపెనీలు మరమ్మతు వివరాలను వినియోగదారులకు అందుబాటులో ఉంచాలనే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో "రైట్ టు రిపేర్" పోర్టల్‌ను ప్రారంభించింది. బాగుచేయించుకొన్న వస్తువు ఇంటికి డబ్బు మిగుల్చుతుంది, ఊరిలోని మెకానిక్కుకు పని ఇస్తుంది. గనుక అప్పుకు చేయి చాపకముందే, ఒకసారి విప్పించి చూద్దాము.