ఎంత దూరం? ఎంత సేపు?

జగదల్పూర్ నుంచి హైదరాబాదు ఎంత దూరమని అడిగితే ఒకరు 550 కిలోమీటర్లు అంటారు, మరొకరు 430 అంటారు. ఇద్దరు చెప్పిందీ సరైనదే. ఎలాగో ఈ భాగంలో తెలుసుకుందాం. ఇది చదివిన తరువాత మీరు ఒక ప్రయాణానికి పట్టే మొత్తం కాలాన్ని లెక్కించగలుగుతారు.

1. రెండు రకాల దూరాలు

1 సెం.మీ. = 50 కి.మీ. స్కేలు గల పటం తీసుకోండి. రెండు నగరాల విమానాశ్రయాలను సరళరేఖతో కలిపితే రేఖ పొడవు సుమారు 8.6 సెం.మీ. ఉంటుంది. 8.6 × 50 = 430 కి.మీ. ఇది గగన దూరం. రోడ్డు మాత్రం కొండలను, అడవులను, నదులను చూసుకొని వంపులు తిరుగుతూ పోతుంది. కాబట్టి రోడ్డు దూరం సుమారు 550 కి.మీ. అవుతుంది.

2. గాలిలో ఎంత సేపు?

ఉడాన్ పథకం కింద 2020 సెప్టెంబరు 21న హైదరాబాదు–జగదల్పూర్–రాయపూర్ మార్గంలో ఏటీఆర్-72 విమాన సర్వీసు ప్రారంభమైంది. ఈ రకం విమానం పైకి చేరాక గంటకు సుమారు 500 కి.మీ. వేగంతో పోతుంది.

కాలం = దూరం ÷ వేగం = 430 ÷ 500 = 0.86 గంట, అంటే సుమారు 52 నిమిషాలు.

అయితే విమానం రన్‌వే వరకు నడవాలి, పైకి ఎక్కాలి, వేగం తగ్గించుకొని దిగాలి. వీటికి 23 నిమిషాలు కలిపితే 1 గంట 15 నిమిషాలు అవుతుంది.

3. ఇంటి నుంచి ఇంటికి

ప్రయాణం విమానంతో మొదలుకాదు, దానితో ముగియదు.

జగదల్పూర్ ఊరి నుంచి విమానాశ్రయానికి: 15 ని.
తనిఖీలు, నిరీక్షణ: 1 గం. 30 ని.
విమానంలో: 1 గం. 15 ని.
దిగడం, సామాను తీసుకోవడం: 30 ని.
శంషాబాదు నుంచి నగరంలోకి: 1 గం.
మొత్తం: 4 గం. 30 ని.

రోడ్డుపై గంటకు సగటున 50 కి.మీ. చొప్పున 550 కి.మీ.కు 11 గంటలు పడుతుంది. విమానంలో పోతే 6 గంటల 30 నిమిషాలు ఆదా అవుతాయి.

4. ఆలోచించండి

బస్తర్ ప్రాంతపు దక్షిణపు కొసన, ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో కోంటా ఉంది. అక్కడి నుంచి ఒక రోగిని హైదరాబాదు ఆసుపత్రికి తీసుకుపోవాలి. విమానం కోసం ముందుగా ఉత్తరాన 180 కి.మీ. దూరంలోని జగదల్పూర్ చేరాలి. దీనికి 3 గం. 36 ని. పడుతుంది. పై 4 గం. 30 ని. కలిపితే మొత్తం 8 గం. 6 ని. అవుతుంది. భద్రాచలం మీదుగా రోడ్డు మార్గం సుమారు 380 కి.మీ. అంటే 7 గం. 36 ని. చాలు. పైగా విమానం ఆ రోజున, ఆ వేళకు ఉండాలి కదా! కాబట్టి వేగంగా పోయే వాహనం ఎప్పుడూ త్వరగా చేర్చదు. మనం బయలుదేరే చోటును బట్టి లెక్క మారుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

విశాఖపట్నం–జగదల్పూర్ గగన దూరం సుమారు 195 కి.మీ. తూర్పు కనుమలను దాటుతూ, అరకు మీదుగా పోయే రైలు మార్గం సుమారు 320 కి.మీ. రైలు దూరం ఎంత ఎక్కువ? దానికి కారణమేమిటి?

జవాబు: 125 కి.మీ. ఎక్కువ. రైలు నిటారుగా కొండ ఎక్కలేదు కనుక మార్గాన్ని చుట్టూ తిప్పి, వాలు తగ్గించి వేశారు.